రేకుల షెడ్డు, కారు షెడ్డు గోడలకు లోపలి నుంచి వేడి ఆపడం: హైదరాబాద్ ఎండకు పనికొచ్చే పద్ధతి

ఇంటి పక్కన కట్టిన కారు షెడ్డును, మేడమీద రేకుల గదిని, వెనక ఖాళీలో ఉన్న స్టోరును కూర్చుని పని చేసుకునే గదిగా మార్చాలంటే హైదరాబాద్‌లో ముందు ఆపాల్సింది ఎండను. నెట్‌లో దొరికే వీడియోలు చాలావరకు చలిదేశాలవి. వాళ్లకు లోపలి వెచ్చదనం బయటికి పోకూడదు, మనకు బయటి వేడి లోపలికి రాకూడదు. వాడే సామాను ఒకటే. ఏ పొర ముందు రావాలి, ఏది వెనక రావాలి అన్న దగ్గరే తేడా. వాళ్లు గదివైపు కొట్టే బోర్డు వెనక ప్లాస్టిక్ షీటు పరుస్తారు. అదే పని ఇక్కడ చేసి ఏసీ పెట్టామంటే వానాకాలంలో ఆ షీటు వెనక చెమ్మ చేరి బూజు పడుతుంది. వానాకాలంలో తేమ బయటి నుంచి చల్లటి గదివైపు వస్తుంది కాబట్టి, దాన్ని ఆపే పొర బయటివైపు ఉండాలి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా పనంతా దాని వెంటే సాగుతుంది.

ఏ గోడ ముందు, ఏది తర్వాత

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. అంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు అంతా కప్పు మీదే. మూడు దాటాక పడమటి గోడ వంతు. తూర్పు గోడకు ఉదయం ఎండ గట్టిగానే తగులుతుంది కానీ అప్పటికి గాలి ఇంకా వేడెక్కదు. దక్షిణపు గోడ మీద ఎండ నిలిచేది చలికాలంలో.

కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే వరస ఇది: కప్పు, పడమటి గోడ, తూర్పు గోడ, ఆ తర్వాతే మిగతావి. కప్పును వదిలేసి నాలుగు గోడలకూ బోర్డులు కొట్టించుకుంటే గది అందంగా ఉంటుంది, మేలో మాత్రం అందులో కూర్చోలేరు.

గోడ దేనితో కట్టారన్నది కూడా చూడాలి. ఎనిమిదంగుళాల లైట్ వెయిట్ బ్లాకుల గోడ అయితే అది తనంతట తనే వేడిని బాగా ఆపుతుంది. దానికి లోపల ఇంకో పొర వేసే ఖర్చును కప్పు మీద పెట్టండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, గట్టి సిమెంటు బ్లాకుల గోడ, రేకు గోడ, ఈ మూడింటికీ పొర తప్పనిసరి. రెండంగుళాల మంచి థర్మాకోల్ ఆపేంత వేడిని ఒక్క ఇటుకతోనే ఆపాలంటే సుమారు ఒక మీటరు మందం గోడ లేపాలి.

ఇంకో మాట. ఇటుక గోడకు ఈ పని చేస్తే లోపల నాలుగున్నర అంగుళాల చోటు పోతుంది: థర్మాకోల్ రెండు, స్టడ్ (బోర్డును పట్టుకునే నిలువు ఇనప పట్టీ) రెండు, బోర్డు అర. రెండు వైపులా కలిపి తొమ్మిది అంగుళాలు. కారు కూడా అక్కడే నిలపాలనుకుంటే లోపలి వెడల్పు ఎనిమిదిన్నర అడుగుల కంటే తగ్గకుండా చూసుకోండి. లేకపోతే కారు లోపలికి వెళ్తుంది కానీ తలుపు తెరుచుకోదు. అలాంటిచోట పడమటి గోడ ఒక్కదానికే చేసి ఊరుకోవడం మేలు.

బోర్డు కన్నా ముందు తేలాల్సినవి

పనికి మంచి కాలం ఫిబ్రవరి, మార్చి. గోడలు బాగా ఆరి ఉంటాయి, ఎండలు ముదరకముందే పని ముగుస్తుంది. వాన లేని కాలం కాబట్టి ఎక్కడైనా కారుతుందేమో పైపుతో నీళ్లు కొట్టి పరీక్షించాలి. కప్పు మీద, గోడ మీద, కిటికీ చుట్టూ ఒక్కోచోట పది నిమిషాల చొప్పున కింది నుంచి పైకి నీళ్లు కొడుతూ, లోపల ఒక మనిషిని టార్చితో నిలబెట్టండి. కింది నుంచి మొదలుపెడితేనే నీళ్లు ఏ సందులోంచి వస్తున్నాయో తెలుస్తుంది. రేకు కారితే చాలాసార్లు స్క్రూ దగ్గరే. దాని కింది రబ్బరు వాషర్ ఎండకు పగిలి ఉంటుంది. పైన సీలెంట్ పూసి వదిలేయకుండా స్క్రూ తీసి, ఒక సైజు లావు స్క్రూను కొత్త వాషర్‌తో బిగించండి.

ఇటుక గోడ చెమ్మకు ఒక పరీక్ష ఉంది. అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు గట్టిగా అంటించి రెండు రోజులు వదలండి. గోడవైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తోంది. గదివైపు కనిపిస్తే అది గదిలోని గాలి తేమ, దానితో గోడకు సంబంధం లేదు. చెమ్మ గోడలోంచే అయితే ముందు బయట పని చేయించాలి: గోడ వెంట మట్టి ఎత్తుగా ఉంటే తీయించడం, నీళ్లు గోడకు దూరంగా పారేలా వాలు ఇప్పించడం, పగుళ్లు పూడ్పించడం. చెమ్మ గోడను బోర్డుతో కప్పేస్తే అది కనిపించకుండా పోతుందే కానీ ఆగదు.

చెదల మందు ఈ దశలోనే. గోడా నేలా కలిసే మూలన అడుగుకో రంధ్రం వేసి, మందును డబ్బా మీద రాసిన మోతాదులో కలిపి పోయించండి. జీఐ (జింకు పూత ఇనుము) ఫ్రేమును చెదలు తినవు కానీ జిప్సం బోర్డు మీది కాగితాన్ని వదిలిపెట్టవు.

వెల్డింగ్ మొత్తం ఇక్కడితో అయిపోవాలి. "ఒక్క చిన్న టాక్ ఉంది సార్, తర్వాత కొడతా" అని ఫ్యాబ్రికేటర్ అంటే ఒప్పుకోవద్దు. థర్మాకోల్ పెట్టాక ఒక్క నిప్పురవ్వ చాలు, మంట గోడ లోపలే పాకుతుంది. ఫాయిల్, థర్మాకోల్ షెడ్డులోకి వచ్చేసరికి వెల్డింగ్ మిషన్ బయటికి పోవాలి.

వైర్లన్నీ పైపులోనే వెళ్లాలి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మి.మీ. వైరు. థర్మాకోల్‌కు పీవీసీ వైరు నేరుగా ఆనితే వైరు తొడుగులోని మెత్తదనం థర్మాకోల్‌లోకి దిగి, తొడుగు పెళుసుబారి పగులుతుంది. జీఐ ఫ్రేముకు ఎర్తింగ్ మర్చిపోవద్దు. ఎప్పుడో ఒక స్క్రూ వైరులోకి దిగితే ఫ్రేమంతా కరెంటు పాకుతుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) లేకుండా ఈ గదికి కరెంటు ఇవ్వొద్దు.

రేకు గోడకు పొరలు

రేకులు బయటివైపు, వాటిని పట్టుకునే అడ్డ పైపులు లోపలివైపు ఉంటాయి. ఇది మనకు కలిసొచ్చే సంగతి. అల్యూమినియం బబుల్ ఫాయిల్‌ను పైపుల లోపలి ముఖం మీద పరిస్తే, రేకుకూ దానికీ మధ్య పైపు మందమంత ఖాళీ దానంతటదే ఏర్పడుతుంది. ఫాయిల్ పనిచేసేది ఆ ఖాళీ ఉన్నప్పుడే. మే మధ్యాహ్నం రేకు వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి ఖాళీలో కిరణాలుగా వచ్చినప్పుడు ఫాయిల్ దాన్ని వెనక్కి కొడుతుంది. ఫాయిల్ రేకుకు ఆనిందంటే వేడి లోహంలోంచి లోహంలోకి సూటిగా దిగుతుంది. అప్పుడు ఆ వైపు ఫాయిల్ ఏమీ చేయలేదు. రేకుకే ఫాయిల్ అంటించి "ఇన్సులేషన్ అయిపోయింది" అని చెప్పే పనివాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. కనీసం అంగుళం ఖాళీ కావాలని పట్టుబట్టండి.

ఫాయిల్‌ను పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా, కింది వరస నుంచి మొదలుపెట్టి పరచాలి. పై వరస కింది వరస మీదికి, రేకు వైపున, నాలుగంగుళాలు దిగాలి. డిసెంబరు రాత్రుల్లో రేకు బయటి గాలి కన్నా చల్లబడి దాని లోపలి ముఖం మీద మంచు నీళ్లు పడతాయి. అతుకు ఇలా ఉంటే ఆ బొట్లు లోపలికి రాకుండా జారి కిందికి పోతాయి. అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు వేయాలి. బయటి తేమను ఆపే పొర ఇదే కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

రేకు అడుగున, పైన గాలికి దారి వదలండి. వేడెక్కిన గాలి రేకు గాడుల వెంట పైకి ఎక్కి బయటికి పోతుంది. ఆ దారులకు సన్న కన్నాల జీఐ జాలీ తప్పనిసరి, లేకపోతే ఎలుకలు కాపురం పెడతాయి. మేస్త్రీలు రేకు అడుగును సిమెంటుతో మూసేయడం ఇక్కడ అలవాటు. ముందే చెప్పి ఆపించాలి.

ఫాయిల్‌కు అంగుళం ఇవతల జీఐ స్టడ్ ఫ్రేము నిలబడుతుంది. కింద ఫ్లోర్ ఛానల్, పైన ఎనిమిది అడుగుల ఎత్తున ముందే వెల్డ్ చేయించిన పైపుకు ఇంకో ఛానల్, వాటి మధ్య రెండడుగులకో స్టడ్. స్టడ్ ఎక్కడా అడ్డ పైపుకు తగలకూడదు. ఛానల్‌కూ పై పైపుకూ మధ్య మూడు మి.మీ. రబ్బరు పట్టీ పెట్టండి. ఇనుము ఇనుముకు ఆనిన ప్రతిచోటా వేడి లోపలికి దారి చేసుకుంటుంది. స్టడ్‌ల మధ్య 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి పీచు) స్లాబులు, వాటి మీద బోర్డు. అంతే. బోర్డు వెనక ప్లాస్టిక్ లేదు. ఇదే కారణంగా బోర్డు మీద ఆయిల్ పెయింట్, వినైల్ వాల్‌పేపరు కూడా వద్దు. మామూలు ఎమల్షన్ అయితే గోడలో మిగిలిన తేమ గదిలోకి ఆరిపోతుంది.

ఇటుక గోడకు పొరలు

ఇక్కడ రాక్‌వూల్ కన్నా థర్మాకోల్, ఇంకా డబ్బు పెట్టగలిగితే ఎక్స్‌పీఎస్ (థర్మాకోల్ కన్నా గట్టి ఫోమ్) బోర్డు. రెండూ చెమ్మను అంతగా పీల్చుకోవు. టైల్స్ అంటించే పాలిమర్ సిమెంటు గమ్మును పళ్ల తాపీతో షీటు వెనకంతా రాసి గోడకు నొక్కాలి. మూలకో ముద్ద, మధ్యలో ముద్ద పెట్టి అంటిస్తే వెనక గాలి తిరిగే సందు మిగులుతుంది. అందులో చెమ్మ, బొద్దింకలు, బల్లులు చేరతాయి. పెట్రోలు వాసన వచ్చే రబ్బరు గమ్ములు థర్మాకోల్‌ను కరిగించేస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఇటుకల వరసలాగే అతుకు మీద అతుకు రాకుండా పేర్చి, సందుల్లో పీయూ ఫోమ్ కొట్టి, ఆరాక కత్తితో సమం చేయండి.

దీని ముందు పైన చెప్పినట్టే స్టడ్ ఫ్రేము. వైర్ల పైపులు ఆ రెండంగుళాల్లో వెళ్తాయి కాబట్టి థర్మాకోల్‌ను కోయాల్సిన పనిలేదు.

నేల షాబాద్ బండలైతే ఒక జాగ్రత్త. బండ సన్నగా ఉంటుంది, అంచు దగ్గర డ్రిల్ పెడితే చిట్లుతుంది. సందులో పెడితే ప్లగ్ పట్టదు. బండ మధ్యలోనే, హ్యామర్ మోడ్ లేకుండా మొదలుపెట్టి, రెండడుగులకో 6 మి.మీ. రంధ్రం వేయండి. బండల సందుల్లోంచి చెమ్మ పైకి ఎక్కుతుంది కనుక ఫ్లోర్ ఛానల్ కింద రబ్బరు పట్టీ లేదా సీలెంట్ గీత ఉండాలి.

కొనేటప్పుడు తూకం వేయండి

థర్మాకోల్ సాంద్రత 20 ఉండాలి, అంటే ఘనపు మీటరుకు 20 కిలోలు. మంటకు త్వరగా అంటుకోని ఎఫ్‌ఆర్ రకం అడగండి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మి.మీ. మందం షీటు అర కిలో తూగాలి. 250 గ్రాములే తూగితే అది ప్యాకింగుకు వాడే సరుకు. అలాగే 1200 × 600 × 50 మి.మీ. రాక్‌వూల్ స్లాబు, 48 సాంద్రతది, సుమారు 1.7 కిలోలు ఉండాలి. చుట్టలుగా వచ్చే పలచటి గ్లాస్ వూల్ కప్పు మీద పరవడానికి పనికొస్తుంది. నిలువు గోడలో కొన్నాళ్లకు కిందికి జారి పైభాగం ఖాళీ అవుతుంది.

బోర్డు సంగతి. కూర్చునే గదికి 12.5 మి.మీ. జిప్సం, తేమను తట్టుకునే రకం. బైకు, పనిముట్లు, నిచ్చెన తగిలే చోటుకు 8 మి.మీ. ఫైబర్ సిమెంట్ బోర్డు. సిమెంట్ బోర్డు 8 × 4 అడుగులది సుమారు 32 కిలోలు ఉంటుంది, ఇద్దరు పట్టాలి. దాన్ని ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకునే కోయాలి. ఆ ధూళి ఊపిరితిత్తులకు నిజంగా ప్రమాదం. హార్డ్‌వేర్, స్క్రూలకు రాణిగంజ్, కరెంటు సామానుకు ట్రూప్ బజార్ వెళ్తే ఒకేచోట నాలుగైదు దుకాణాల ధరలు పోల్చుకోవచ్చు.

16 × 10 అడుగుల షెడ్డు, గోడ ఎత్తు 8 అడుగులు, ఒక షట్టర్ 8 × 7, ఒక కిటికీ 4 × 4 అనుకుంటే గోడల విస్తీర్ణం 416లోంచి 72 పోగా 344 చదరపు అడుగులు, అంటే 32 చదరపు మీటర్లు. కప్పు 160 చదరపు అడుగులు. సామాను ఇలా పడుతుంది:

- గోడలకు జిప్సం బోర్డులు 6 × 4 అడుగులవి 16, లేదా సిమెంట్ బోర్డులు 8 × 4 అడుగులవి 12. సీలింగుకు జిప్సం 8.
- స్టడ్‌లు 12 అడుగులవి 32. ఎనిమిది అడుగులకు కోయగా మిగిలే నాలుగడుగుల ముక్కలు కిటికీ కింద, అడ్డాలకు సరిపోతాయి.
- ఫ్లోర్ ఛానల్ 12 అడుగులవి 9.
- గోడలకు రాక్‌వూల్ స్లాబులు 48, లేదా థర్మాకోల్ షీట్లు 70. సీలింగుకు రెండు పొరల రాక్‌వూల్ 44.
- 25 మి.మీ. డ్రైవాల్ స్క్రూలు 1000.

షట్టర్‌కు పొర వేయలేరు. అది పడమటివైపు ఉంటే బయట పందిరో, మందపాటి తెరో కట్టండి.

బోర్డు బిగింపు, అతుకులు

బరువు వేలాడేచోట ముందే గుర్తు పెట్టుకోండి. ఏసీ లోపలి యూనిట్, అల్మరా, పనిముట్ల బోర్డు వచ్చే చోట స్టడ్‌ల మధ్య 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ముక్క బిగించి ఫోటో తీసి పెట్టుకోవాలి. బోర్డు ఎక్కాక వెతుక్కోవడం కష్టం.

జిప్సం బోర్డును అడ్డంగా, రెండు వరసలుగా వేస్తే సరిగ్గా ఎనిమిది అడుగులు. రెండడుగుల స్టడ్‌లకు ఆరడుగుల బోర్డు అంచు కూడా కలుస్తుంది. పై వరస ముందు బిగించండి. కింది వరస అడుగు అంచును కొద్దిగా కోసి నేలకు అర అంగుళం ఎత్తులో ఆపండి, నేల కడిగిన నీళ్లు బోర్డు పీల్చుకోకుండా. ఆ సందును తర్వాత టైలు స్కర్టింగు కప్పుతుంది. స్క్రూలు అంచుల్లో 8 అంగుళాలకు, మధ్యలో 12 అంగుళాలకు. స్క్రూ తల కాగితాన్ని చింపకుండా కొద్దిగా లోపలికి దిగాలి. కాగితం చిరిగితే ఆ స్క్రూ పట్టు పోయినట్టే, పక్కన ఇంకోటి వేయండి. కిటికీ, షట్టర్ మూలల దగ్గర అతుకు రానివ్వొద్దు. బోర్డును ఎల్ ఆకారంలో కోసి మూలను చుట్టండి, లేకపోతే ఆ మూల నుంచే పగులు మొదలవుతుంది.

అతుకుల్లో లప్పం, పీఓపీ నింపి పైన మెష్ టేపు వేయడం మన దగ్గర పాతుకుపోయిన పద్ధతి. లప్పం బిరుసు. రోజూ ఎండకు ఫ్రేము సాగి, రాత్రికి ముడుచుకుంటుంటే అతుకు వెంట వెంట్రుకంత పగులు తేలుతుంది. జాయింట్ కాంపౌండ్, కాగితపు టేపు వాడించండి. మొదటి పూత నాలుగంగుళాల వెడల్పు, దానిలోనే టేపు నొక్కాలి. రెండోది ఎనిమిది, మూడోది పన్నెండు. పూతకూ పూతకూ మధ్య రోజంతా ఆరనివ్వాలి. వేసవిలో ఫ్యాను పెట్టి ఆరబెడితే పైపొర ముందు ఎండి చిట్లుతుంది. సిమెంట్ బోర్డులకైతే బోర్డుకూ బోర్డుకూ 3 మి.మీ. సందు వదిలి, రంగు పట్టే సీలెంట్‌తో నింపాలి. రంధ్రం ముందే వేసుకుని స్క్రూ బిగించాలి.

కప్పు

రేకు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించడం అన్నిటికన్నా చవకైన పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. దుమ్ము పేరుకుంటే దాని పని తగ్గుతుంది, మార్చిలో ఒకసారి కడిగించండి. రేకు మీద నేరుగా కాలు పెట్టకుండా పైపుల మీదికి వచ్చేలా చెక్క వేసుకుని నడవాలి.

లోపల జీఐ సీలింగ్: సెక్షన్లు (బోర్డు బిగించే పట్టీలు) అడుగున్నరకు, వాటిని మోసే ఇంటర్మీడియేట్ ఛానళ్లు నాలుగడుగులకు. పైన రాక్‌వూల్ రెండు పొరలు, రెండోది మొదటిదాని అతుకులను కప్పేలా అడ్డంగా. గోడలాగే ఇక్కడా రేకు కింద ఖాళీ వదిలి ఫాయిల్, రెండు చివర్లా గాలి పోయే జాలీలు. ఈ సీలింగ్ మొత్తం రెండు వందల కిలోలు దాటుతుంది. సన్నటి పాత పైపులైతే ముందు ఫ్యాబ్రికేటర్‌తో బలం చేయించాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటికి రంధ్రాలు వేయొద్దు, కోయొద్దు, బ్రష్‌తో గీకొద్దు. సీలింగ్‌ను గోడల నుంచే వేరే ఫ్రేము మీద నిలబెట్టండి.

బండి ఇంకా లోపలే పెడతామంటే, ఇన్వర్టర్ బ్యాటరీ అక్కడే ఉందంటే గాలిదారులు మూసేయకూడదు. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతుంది, బ్యాటరీ వదిలే హైడ్రోజన్ పైకి పోతుంది. నేల దగ్గర ఒకటి, సీలింగ్ కింద ఒకటి, 9 × 6 అంగుళాల జాలీలు ఎదురెదురు గోడల్లో ఉంచండి. ఏసీ వేసి మూసుకునే గదిలో మాత్రం బండి, బ్యాటరీ రెండూ వద్దు.

పని అయ్యాక ఎండ బాగా కాసిన రోజు, సాయంత్రం నాలుగింటికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పడమటి గోడను గళ్లుగా కొలవండి. అది లేకపోతే అరచేయి చాలు. రెండడుగులకో నిలువు గీత వేడిగా ఉంటే స్టడ్ ఎక్కడో పైపుకు ఆనింది. పైభాగం ఒక్కటే వేడిగా ఉంటే స్లాబు జారింది లేదా పైన సందు మిగిలింది. గోడంతా ఒకే తీరుగా వెచ్చగా ఉంటే ఫాయిల్ వెనక ఖాళీ మూసుకుపోయింది, లేదా గాలి దారికి జాలీ దగ్గర అడ్డం పడింది. చివరి పూత రంగు వేయకముందే ఈ కొలత తీస్తే, తేడా ఉన్న ఒక్క బోర్డును విప్పి సరిచేసుకోవడం అరపూట పని.